తిన్నగా బిగించిన బూట్లు

మా ఆయన కంట్లో వంకర ఇట్టే పడుతుంది. గోడమీద క్యాలెండర్ ఒక పక్కకి ఒరిగితే అన్నం ముద్ద పళ్లెంలో వదిలేసి లేచి, సరిచేసి వచ్చి కూర్చుంటాడు. పెళ్లయిన కొత్తలో నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే వెనక నిలబడి, "ఎడమ దిక్కు గీత జెర కిందికి వోయింది" అన్నాడు. ముగ్గుపిండి గిన్నె చేతిలో పెట్టి మీరే వెయ్యండి అన్నాను. సిగ్గులేకుండా వేశాడు. గీతలు మాత్రం స్కేలు పెట్టి కొట్టినట్టు వచ్చాయి. వీధిలో ఆడవాళ్లు చాలాకాలం ఆ ముగ్గు తలుచుకుని నవ్వారు. పటాన్‌చెరులో గేర్లు చేసే ఒక చిన్న కంపెనీలో ఆయన టూల్‌రూమ్ ఫిట్టరు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్క స్క్రాప్ డబ్బాలోకి పోయే పని అది. అలాంటి మనిషికి పుట్టిన బిడ్డ రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టింది.

నర్సు గుడ్డలో చుట్టి ఇచ్చినప్పుడు నేను మొహం ఒక్కటే చూశాను. గుడ్డ విప్పింది ఆయన. అరికాళ్లు రెండూ ఒకదానికొకటి ఎదురుగా, చప్పట్లు కొట్టబోతున్నట్టు ఉన్నాయి. ఆయన బొటనవేలితో ఒక పాదాన్ని మెల్లగా బయటికి నెట్టి చూశాడు. కొంచెం వచ్చింది, వేలు తీయగానే మళ్లీ లోపలికి పోయింది. "సెట్ అయితది," అన్నాడు. నాతో అన్నాడో, బిడ్డతో అన్నాడో, తనలో తను అనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మా ఆయనది కర్దనూర్, భూమి ఉన్న ఇల్లే. మా అత్తమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. మేము కిష్టారెడ్డిపేటలో ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకుని ఉంటున్నాం. పాపను చూడటానికి వచ్చిన రోజు అత్తమ్మ నన్ను మెల్లగా అడిగింది.

"కడుపుతోని ఉన్నప్పుడు గ్రాణం పట్టింది గద బిడ్డా. ఆ దినం కాళ్లు ముడుసుకొని కూసున్నవా?"

"గ్రహణం రోజు ప్యాకింగ్ లైన్లో డ్యూటీలో ఉన్నానత్తమ్మా. షిఫ్టు అయ్యేదాకా నిలబడే ఉన్నాను. కూర్చోనిస్తే కదా ముడుచుకునేది."

నా నోటికి జడిసో, నిజంగానే నమ్మో ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ చుట్టాలు వచ్చినప్పుడల్లా పాప కాళ్లమీద దుప్పటి కప్పేది. వచ్చిన ప్రతివాళ్లూ ఏదో వంకన ఆ దుప్పటి ఎత్తి చూసేవాళ్లు. చూసి "అయ్యో" అనేవాళ్లు. ఆ అయ్యో వినివిని నాకు ఒళ్లు మండిపోయేది.

ఆసుపత్రిలో వారానికొక రోజు ఇలాంటి పాదాల పిల్లలకే కేటాయించారు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది, ఇది నయమయ్యేదే అని. వారం వారం పాదాన్ని చేత్తో కొంచెం కొంచెం బయటికి తిప్పి, వేళ్ల దగ్గర్నుంచి తొడ దాకా ప్లాస్టర్ పట్టీ వేస్తారు. మళ్లీ వెళ్లే రోజు పొద్దున్నే ఇంట్లో గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు నానబెట్టి ఆ పట్టీ విప్పుకుని వెళ్లాలి. పాత పట్టీ విప్పడానికీ కొత్తది వేయించడానికీ మధ్య దొరికే ఆ కాస్త సమయమే మా బిడ్డకు నిండా స్నానం. దానికోసం అత్తమ్మ కర్దనూర్ నుంచి మొదటి బస్సుకే వచ్చేది. కాళ్లు చాపుకుని, పాపను కాళ్లమీద వేసుకుని, నలుగు పెట్టి పోసేది. పట్టీ కింద నలిగిన ఆ పల్చటి తోలు మీద ఆమె చెయ్యి ఎంత తేలిగ్గా ఆడేదో చెప్పలేను.

విప్పిన ప్రతిసారీ పాదం కిందటిసారికంటే కొంచెం బయటికి వచ్చి ఉండేది. ఆ రోజులంటే మా ఆయనకు పండగ. షిఫ్టు మార్చుకుని మరీ వచ్చేవాడు. తల పక్కకి వంచి, ఒక కన్ను మూసి పాదాన్ని చూసేవాడు. నేను "లెవెల్ గొట్టం తెచ్చి పెట్టనా" అనేదాన్ని. చివరికి మడమ వెనక బిగుసుకున్న నరం దగ్గర చిన్న గాటు పెట్టి, ఆఖరి పట్టీ వేశారు. అది విప్పిన రోజు రెండు పాదాలూ అందరి పిల్లల పాదాల్లాగే ఉన్నాయి. నేను ఏడ్చాను. ఆయన వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆ రోజే డాక్టరమ్మ కడ్డీ బూట్లు ఇచ్చింది. రెండు చిన్న తోలు బూట్లు, వాటిని కలుపుతూ ఒక ఇనప కడ్డీ. బూట్లు కడ్డీకి తిన్నగా ఉండవు. బాతు నడిచినట్టు, వేళ్లు బాగా బయటికి తిరిగేలా బిగించి ఉంటాయి. మొదటి మూడు నెలలూ స్నానానికి తప్ప తీయకూడదు. తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రపోయినప్పుడల్లా వేయాలి, పగటి నిద్రకైనా సరే. "పాదం సరిచేయడం మా పని. అది అయిపోయింది. అలాగే నిలబెట్టడం మీ పని. అసలు కష్టం ఇప్పుడే మొదలవుతుంది," అంది. ఆమె ఎంత శాంతంగా చెప్పిందంటే మాకు అది చెవికెక్కలేదు. చక్కటి పాదాలు కళ్లముందు కనబడుతుంటే ఇంకా కష్టం ఉందంటే ఎవరు నమ్ముతారు.

ఇంటికి వచ్చాక తెలిసింది. ఒక కాలు కదిపితే రెండో కాలు కదులుతుంది. పక్కకి దొర్లుదామంటే కడ్డీ అడ్డం. పాప గుక్కపట్టి ఏడ్చేది, రెండు కాళ్లూ ఎత్తి ఆ కడ్డీని మంచం పట్టెకేసి దబదబా కొట్టేది. పై గదిలో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే ఒడిశా కుర్రాళ్లు ఉండేవాళ్లు. పాపం వాళ్లు ఒక్కనాడు కసురుకోలేదు. ఒకతను కిందికి వచ్చి, "దీదీ, బచ్చీ బీమార్ హై క్యా?" అని, పాపకు ఒంట్లో బాగోలేదేమోనని అడిగి, కళ్లు నులుముకుంటూ మెట్లెక్కి పోయాడు. ఇంటావిడ మాత్రం, "పొల్లగాండ్లు నిద్ర లేక పరేషాన్ అయితుండ్రు, జెర సూస్కో అమ్మా" అంది. ఏం చూసుకోను? బూట్లు వేస్తే బిడ్డ ఏడుపు, వేయకపోతే పాదం వెనక్కి పోతుందని భయం. కట్టేది నేనే, కడుతుంటే ఆ పిల్ల కళ్లలోకి చూడాల్సింది నేనే. ఆయన డ్యూటీ అని తప్పించుకునేవాడు. డ్యూటీ లేని రోజు పాలు తెస్తానని బయటికి వెళ్లి, ఏడుపు ఆగాక వచ్చేవాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చేదో, ఆ బూట్ల మీద అంతకంటే ఎక్కువ వచ్చేది.

మూడు నెలలు ఎలాగో గడిపాం. ఇక నిద్రకు మాత్రమే అన్నారు కదా, తేలికవుతుందనుకున్నాను. తేలిక కాలేదు. పొద్దస్తమానం హాయిగా ఆడిన కాళ్లు సాయంత్రం ఆ బూట్లలోకి పోవడానికి అసలు ఒప్పుకోలేదు. బూట్లు పెట్టే అలమర తలుపు చప్పుడైతే చాలు, ఏడుపు మొదలు. పాపకు నామీదే అసహ్యం పుడుతోందని నాకు అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేక లోపలే కుమిలిపోయేదాన్ని.

ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూనే మా ఆయన సంచిలోంచి ఒక కొత్త కడ్డీ తీశాడు. సూపర్‌వైజర్ని అడిగి, స్క్రాప్‌లో పడేసిన అల్యూమినియం పట్టీ తీసుకుని, టిఫిన్ టైములో కూర్చుని చేశాడట. ఆసుపత్రి కడ్డీలో సగం బరువు కూడా లేదు. అంచులన్నీ నున్నగా రుద్ది ఉన్నాయి. రెండు చివర్లకీ చప్పుడు కాకుండా రబ్బరు టోపీలు. ఒక్కో బూటు కింద ఒక్కటే బోల్టు, అలెన్ కీ అనే చిన్న వంపు పుల్లతో వదులు చేసి ఎటు కావాలంటే అటు తిప్పి బిగించుకోవచ్చు. పాత కడ్డీ నుంచి తోలు బూట్లు ఊడదీసి దీనికి బిగించాడు. ఎంత ముచ్చటగా ఉందంటే కొట్లో కొన్న వస్తువు అన్నా నమ్మేవాళ్లు. చూస్తే బూట్లు రెండూ తిన్నగా, ఎదరకి చూస్తూ ఉన్నాయి.

"డాక్టరమ్మ బయటికి తిప్పి పెట్టింది కదండీ," అన్నాను.

"పాదం వంకరున్నప్పుడు తిప్పాలె. ఇప్పుడు తిన్నగున్నది గద. తిన్నగున్న పాదానికి వంకర బూటు ఎందుకు? బిగించినోడు అలైన్‌మెంట్ సూస్కోలే. గందుకే ఏడుస్తుంది పిల్ల."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. అంత అలసిపోయి ఉన్నాను, ఏ మాటైనా సబబుగానే తోచేదేమో. ఆ సాయంత్రం ఆయనే దగ్గర కూర్చుని బూట్లు తొడిగాడు. పాప కాసేపు నసిగింది, కాళ్లు అటూఇటూ ఆడించి చూసుకుంది, వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. ఇద్దరం మంచానికి చెరోపక్కా కూర్చుని ఆ నిద్ర చూశాం. పెళ్లయినప్పటి నుంచీ ఆయన చేతుల్ని నేను అంత ఇష్టంగా ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లయింది. పై గది కుర్రాళ్లు నిద్రపోయారు. ఇంటావిడ పాపకు జామపళ్లు తెచ్చిచ్చింది. అత్తమ్మ దుప్పటి కప్పడం మానేసి, వచ్చినవాళ్లకు తనే కాళ్లు చూపించడం మొదలుపెట్టింది. మొదటి పుట్టినరోజు దాటిన కొన్నాళ్లకు పాప గోడ వదిలి నడిచింది. ఆసుపత్రికి చూపించడానికి వెళ్లినప్పుడు, "బూట్లు రోజూ వేస్తున్నారా?" అని అడిగేవాళ్లు. రోజూ వేస్తున్నాం అనేవాళ్లం. తీసి చూపించమని ఎవరూ అడగలేదు. అది అబద్ధం కాదు. ఒక్కరోజు కూడా మానలేదు మేము. పాదాలు పట్టుకుని, పైకి వంచి చూసి, బాగున్నాయి, అలాగే వేస్తూ ఉండండి అనేవాళ్లు. అప్పటికి నిజంగానే బాగున్నాయి.

అలా వెళ్లిన ఒకరోజు చదువుకునే అమ్మాయి ఒకతి టాబ్ పట్టుకుని బెంచీ బెంచీకీ వచ్చి తల్లిదండ్రుల్ని అడుగుతోంది. "మీ పాప చికిత్సతో మీరు తృప్తిగా ఉన్నారా? చాలా తృప్తిగా ఉన్నారా, కొంత తృప్తిగా ఉన్నారా, లేదా?" చాలా తృప్తిగా అన్నాను. మా బెంచీ మీద ఉన్నవాళ్లందరూ అదే చెప్పారు. ఒకావిడైతే, "గంతకంటే పెద్దది ఉంటె గది రాసుకో బిడ్డా" అంది. అందరం నవ్వుకున్నాం. అందులో ఒక్కరం కూడా మొహమాటానికి చెప్పలేదు. అంత సంతోషంగా ఉన్నాం మరి.

ఆ మాట అన్నావిడది పోతిరెడ్డిపల్లి. నాకంటే చిన్నది, వాళ్లాయన రేకుల కంపెనీలో పనిచేస్తాడు. వాళ్ల బాబుకూ రెండు పాదాలే. మా పాపకంటే కొన్ని నెలలు చిన్నవాడు. ఆ రోజు పాదాలు చూపించేశాక బెంచీమీద పాప నిద్రపోతే సంచిలోంచి మా కడ్డీ తీసి తొడిగాను. ఆవిడ కళ్లప్పగించి చూసింది. కడ్డీని చేత్తో ఎత్తి బరువు చూసింది. మా ఆయన చేసిందని చెప్పాను. "అక్కా, మావోడు ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లుతున్నడు. నీకు పుణ్యముంటది, అన్నతోని మాకొకటి చేపియ్యవా?" అంది. పక్కన బీహార్ నుంచి వచ్చి ఇక్కడ హెల్పర్ పని చేసుకునే ఒకతను, ఆడపిల్ల తండ్రి, మాట అర్థం కాకపోయినా వస్తువు అర్థమై, తనకూ ఒకటి కావాలని మా ఆయనతో, "భయ్యా, మేరేకో భీ" అన్నాడు. మా ఆయన ఇద్దరికీ చేసిచ్చాడు. దేనికీ పైసా తీసుకోలేదు. రెండింటికీ బూట్లు తనే బిగించాడు, తిన్నగా. నేను పక్కనే నిలబడి, మా ఆయన పనితనం గురించి గొప్పలు చెప్పాను.

వానాకాలంలో ఒకరోజు పాపకు స్నానం చేయించి వదిలితే తడికాళ్లతో గచ్చు మీద పరుగెత్తింది. వెనకే గుడ్డ పట్టుకుని వెళ్తూ కింద చూశాను. ఎడమ పాదం అచ్చు నిండుగా పడింది. కుడి పాదానికి వేళ్లూ, బయటి అంచూ పడ్డాయి కానీ మడమ పడలేదు. అచ్చు కొంచెం లోపలికి తిరిగి కూడా ఉంది. నేను ఆ తడిని గబగబా తుడిచేశాను. మర్నాడు మళ్లీ చూశాను. అలాగే ఉంది. రెండు రోజులు ఆయనకు చెప్పలేదు. మూడో రోజు చెప్పక్కర్లేకపోయింది, పాప నడుస్తుంటే చూసి, చాయ్ తాగుతున్న ఆయనే కప్పు కింద పెట్టేశాడు. వంకర ఆయన కంట్లో పడకుండా ఎలా ఉంటుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కుడి పాదాన్ని పైకి వంచి చూసింది, వంగలేదు. బూట్లు తెచ్చారా అని అడిగింది. ఆయన సంచిలోంచి కడ్డీ తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని అటూఇటూ తిప్పి, అంచుల మీద వేలితో రాసి చూసింది. "ఎవరు చేశారు?" అంది. నేనే మేడం అన్నాడు. "చాలా మంచి పనితనం," అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత తన అరచేతిని పాదంలా పట్టుకుని చూపించింది. పాదం తిన్నగా వచ్చింది కదా అని తిన్నగా పెడితే ఆగదట. అది పుట్టిన వంపులోకి పోవాలనే చూస్తుందట. అందుకే కావాల్సినదానికంటే ఎక్కువ బయటికి తిప్పి పట్టుకోవాలి, కొన్నేళ్లపాటు. అప్పుడే వదిలాక తిన్నగా నిలుస్తుంది. మళ్లీ మొదటి నుంచీ పట్టీలు వేయాలి, మడమ దగ్గర మళ్లీ గాటు పడొచ్చు అంది. ఈసారి పాపకు ఊహ తెలిసింది. పట్టీ వేస్తున్నంతసేపూ "నాన్నా, వద్దు చెప్పు" అని ఏడ్చింది. ఆయన పాప చేతులు పట్టుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే నాకు కొట్టాలని ఉంది. ఎవర్నో తెలియదు.

రుద్రారం దాటాక ఆయన, "రేకు వంచుతం గద," అన్నాడు. "తొంబై డిగ్రీలు గావాల్నంటే తొంబైకి వంచి ఇడిస్తే నిలవదు. వెనక్కి వస్తది. స్ప్రింగ్‌బ్యాక్ అంటం. గందుకే జెర ఎక్కువ వంచాలె. కొత్తగ వచ్చిన పొల్లగాండ్లకు నేనే నేర్పుత గిది. రోజూ చేసే పని. నా బిడ్డ కాలు కాడికి వచ్చేసరికి ఎట్ల తెల్వలే నాకు?"

ఒడిలో పాప తెల్లటి కొత్త పట్టీతో నిద్రపోతోంది. నా చెయ్యి ఆయన చేతి మీద వేద్దామనుకున్నాను, వేయలేకపోయాను.

ఇంటికి వచ్చాక ఆయనకు మిగతా రెండు కడ్డీలు గుర్తొచ్చాయి. నాకు బస్సులోనే గుర్తొచ్చాయి. బీహార్ అతని ఫోను స్విచాఫ్ అని వచ్చింది. అతను పనిచేసే షెడ్డుకు వెళ్తే, కాంట్రాక్టు అయిపోయి ఊరెళ్లిపోయాడన్నారు. ఏ ఊరో అక్కడెవరికీ తెలియదు. ఆ పిల్ల ఎక్కడో మా ఆయన చేసిన కడ్డీలో కాళ్లు పెట్టుకుని ఏడవకుండా నిద్రపోతూ ఉంటుంది. పోతిరెడ్డిపల్లి ఆవిడకు, మేము చెప్పాక, ఆసుపత్రి సిస్టర్ ఫోన్ చేసి రమ్మందట. "మావోనికి మంచిగనే ఉంది మేడం, డేట్‌కి వస్త" అందట. అందుకని మేమే బయల్దేరాం. వారాంతపు సెలవు రోజు, మధ్యాహ్నం. ఆయన జేబులో అలెన్ కీ పెట్టుకున్నాడు. పాపను ఎవరి దగ్గరా వదల్లేక చంకనేసుకున్నాను.

ఆవిడ మమ్మల్ని చూసి ఎంత సంబరపడిందో. కుర్చీలు వేసింది, ఫ్యాను మావైపు తిప్పింది. "ఈ అన్న లేకుంటె మేము ఏమైతుంటిమో" అని వాళ్లాయనకు మా ఆయన్ను చూపించింది. అప్పుడు పాప కాలి పట్టీ చూసింది. మొహం వాడిపోయింది. మేము జరిగినదంతా చెప్పాం. ముందు నేను, తర్వాత ఆయన, అరచెయ్యి పాదంలా పట్టుకుని, డాక్టరమ్మ చూపించినట్టే.

"మీ పాపది మొదటికెల్లే ఎక్కువుండెనేమో అక్కా," అంది ఆవిడ జాలిగా. "మావోనిది సూడు."

బాబు చాపమీద నిద్రపోతున్నాడు, కాళ్లకు కడ్డీ. రబ్బరు టోపీల దగ్గర ఆవిడ రంగుదారం చుట్టి అలంకరించింది. పాదాలు చూడ్డానికి చక్కగానే ఉన్నాయి. నేను వంగి, ఒక బూటు పట్టీ వదులు చేసి, పాదం బయటికి తీసి, డాక్టరమ్మ చేసినట్టు మెల్లగా పైకి వంచాను. కొంచెం వచ్చి ఆగిపోయింది. వేలికి తెలిసిపోయింది నాకు.

"బిగుస్తోందమ్మా," అన్నాను. "నువ్వే పట్టుకుని చూడు."

పట్టుకుని చూసింది. "మెత్తగనే ఉంది గదక్కా," అంది. నిజంగానే ఆమెకు మెత్తగా తోచింది. నాకూ మొన్నటిదాకా అలాగే తోచేది.

మా ఆయన నేలమీద కూర్చున్నాడు. "ఇది తీసుకపోను చెల్లె. గిదే ఉంచుకో. బూటు జెర బయటికి తిప్పి పెడత, అంతే. ఒక్కసారి పెట్టి సూద్దాం," అని బతిమాలాడు. ఆవిడ భర్తవైపు చూసింది. అతను తలూపాడు. ఆయన బోల్టులు వదులు చేసి, రెండు బూట్లనూ డాక్టరమ్మ చెప్పినంత బయటికి తిప్పి, గట్టిగా బిగించాడు. నేను బయటికి తీసిన పాదాన్ని మళ్లీ తొడిగి పట్టీ బిగించాను. బాబు కదిలాడు. కాళ్లు లోపలికి లాక్కోబోయాడు, రాలేదు. కళ్లు తెరిచి, మమ్మల్ని చూసి, కెవ్వున ఏడ్చాడు. ఊపిరి తీసుకోకుండా, మొహం కందిపోయేలా ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు తెలుసు. మా ఇంట్లో నెలల తరబడి విన్నాను.

"కొన్ని రోజులు ఇట్లనే ఉంటది. ఓర్చుకోవాలె," అన్నాడు మా ఆయన. నా చంకలో పాప కూడా ఏడుపు అందుకుంది.

ఆవిడ బాబును ఎత్తుకుని ఊపింది. కడ్డీ ఆమె మోచేతికి కొట్టుకుంది. "గట్ల పెట్టకు అన్నా. ఎట్లుండెనో గట్లనే పెట్టు," అంది. మా ఆయన కదల్లేదు. చేతిలో అలెన్ కీ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది, ఈసారి ఆమె కళ్లలో నీళ్లు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ భర్త కోప్పడలేదు. వంగి, మా ఆయన వేళ్లలోంచి ఆ కీ మర్యాదగా తీసుకున్నాడు. బోల్టులు తిప్పడం ఎవరికైనా వచ్చేంత తేలిగ్గా చేసింది మా ఆయనే. అతను రెండు బూట్లనూ మళ్లీ తిన్నగా తెచ్చి, పక్కకి వంగి ఒక కన్ను మూసి చూసుకుని, బిగించాడు.

బాబు వెక్కుతూ వెక్కుతూ తగ్గాడు. తల్లి భుజం మీద చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, వాణ్ణి చాపమీద పడుకోబెట్టి, మా ఇద్దరివైపూ చూసి నవ్వింది.

"సూసినవా అన్నా," అంది మెల్లగా, వాడు లేవకుండా. "నువ్వు చేసింది ఎంత మంచిగున్నదో."